లోతుగా దిగిన పుచ్చు: డ్రిల్లు ఎక్కడ ఆగాలి, లైటు ఎంతవరకు పనికొస్తుంది

దవడ పన్నులో పుచ్చు బాగా లోపలికి దిగిందని ఎక్స్‌రేలో కనబడగానే చాలా చోట్ల వినిపించే మొదటి మాట రూట్ కెనాల్. అది తప్పనిసరి అయిన పళ్లు ఉంటాయి. కానీ నరం బాగానే ఉండి, పుచ్చు దాని దగ్గరదాకా వెళ్లిందన్న ఒక్క కారణంతో నరాన్ని తీసేయనక్కర్లేదు. యూరప్, అమెరికా దంతవైద్య సంఘాల మార్గదర్శకాలు కొన్నేళ్లుగా ఈ వైపే మొగ్గాయి. ఇదే సమయంలో ఇంకో మాట కూడా పేషెంట్ల చెవిన పడుతోంది: ‘లైట్ పెట్టి క్రిముల్ని చంపేస్తాం, డ్రిల్లింగ్ ఎక్కువ ఉండదు’ అని. ఈ రెండూ కలగలిసిపోయి, పన్నును కాపాడేది ఆ లైటేనన్న అభిప్రాయం ఏర్పడుతోంది. అసలు పని చేసేవి రెండు: సరైన చోట ఆగిన చెయ్యి, తేమ చొరని ఫిల్లింగ్. లైటు వాటికి తోడు. ఆ తోడు ఎప్పుడు అక్కరకొస్తుందో, ఎప్పుడు వట్టి దండగో తెలియాలంటే ముందు పుచ్చు లోపల ఏముంటుందో చూడాలి.

పుచ్చు లోపల రెండు పొరలు

పంటి పైపొర ఎనామిల్, దాని కింద డెంటిన్, నడుమ మెత్తటి పల్ప్. మనం వాడుకలో నరం అనేది ఈ పల్ప్‌నే. అందులో నరాలతో పాటు రక్తనాళాలు, డెంటిన్‌ను తయారుచేసే కణాలు కూడా ఉంటాయి. డెంటిన్ రాయిలా గుల్ల లేని పదార్థం కాదు. నరం నుంచి ఎనామిల్ వైపు సన్నని గొట్టాలు వేల సంఖ్యలో వెళ్తుంటాయి. ఎనామిల్ అంచున ఒక చదరపు మిల్లీమీటరులో ఇవి సుమారు 20 వేలు. నరానికి ఆనుకుని ఉన్న చోట అదే జాగాలో 45 వేలు దాటుతాయి. వెడల్పు కూడా ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు నుంచి రెండున్నర మైక్రాన్ల దాకా పెరుగుతుంది. పుచ్చును కలిగించే బ్యాక్టీరియా ఒక్కొక్కటి అర మైక్రాన్ నుంచి ఒక మైక్రాన్ లోపే. అంటే పుచ్చు లోతుకు పోయేకొద్దీ దానికి దారులు ఎక్కువ, వెడల్పు ఎక్కువ. మొదట్లో ఏళ్ల తరబడి నింపాదిగా సాగిన పుచ్చు చివరి మిల్లీమీటరులో ఒక్కసారిగా బాధ మొదలుపెట్టడానికి ఇదొక కారణం.

బ్యాక్టీరియా తిన్న చక్కెర ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం బ్యాక్టీరియా కంటే ముందు నడుస్తుంది. అందుకే పుచ్చు అడుగున రెండు పొరలు ఏర్పడతాయి. పైపొరలో బ్యాక్టీరియా కిక్కిరిసి ఉంటుంది, డెంటిన్‌కు అల్లికగా ఉండే కొల్లాజెన్ కూడా కుళ్లిపోయి ఉంటుంది. అది తిరిగి బాగుపడదు, తీసేయాల్సిందే. దాని కింది పొరలో ఖనిజాలు కరిగిపోయి మెత్తబడినా కొల్లాజెన్ అల్లిక నిలిచే ఉంటుంది, బ్యాక్టీరియా తక్కువ. ఆ అల్లికలోకి ఖనిజాలు మళ్లీ చేరగలవు. ఈ తేడాను 1970ల్లో జపాన్‌కు చెందిన ఫుసయామా బృందం విడమర్చి చూపింది. పుచ్చును రంగుతో గుర్తించే ద్రావణాలు కూడా అక్కణ్నుంచే వచ్చాయి.

మెత్తబడిన డెంటిన్‌ను వదలాలా వద్దా అన్న తగువు మాత్రం ఇంకా పాతది. 1859లోనే ఇంగ్లండ్‌కు చెందిన జాన్ టోమ్స్, నరం బయటపడేదాకా తవ్వడం కన్నా రంగు మారిన డెంటిన్ పొరను కొంత వదలడమే మేలన్నాడు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాకు చెందిన జి.వి. బ్లాక్ సరిగ్గా దీనికి ఎదురు చెప్పాడు: మెత్తటి డెంటిన్‌ను వదలడం కన్నా నరం బయటపడినా నయమే అని. దాదాపు వందేళ్లు ఆయన మాటే చెల్లింది. ఇప్పుడు లెక్కలు టోమ్స్ వైపు తేలుతున్నాయి.

ఎందుకంటే, మూత పెట్టేసిన పుచ్చులో బ్యాక్టీరియాకు తిండి అందదు. నోట్లోంచి చక్కెర రావడం ఆగిపోతే చాలావరకు చచ్చిపోతాయి, మిగిలినవి చడీచప్పుడు లేకుండా పడుంటాయి. అమెరికాలో పుచ్చును తీయకుండానే పైన గట్టిగా సీల్ చేసిన పళ్లను పదేళ్లు గమనించి 1998లో ఫలితాలు ప్రచురించారు. సీలు నిలిచిన పళ్లలో పుచ్చు ముందుకు సాగలేదు. ఈలోగా నరం వైపు నుంచి కూడా మరమ్మతు జరుగుతుంది. అక్కడి కణాలు కొత్త డెంటిన్ పోస్తాయి, సగటున రోజుకు ఒకటిన్నర మైక్రాన్ చొప్పున. మొదటి నెలల్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా. అర మిల్లీమీటరు గోడ కట్టాలంటే ఏడాది పడుతుందన్నమాట. ఆ ఏడాది సీలు చెక్కు చెదరకుండా ఉండాలి.

ఏ పన్నుకు కుదురుతుంది

అన్ని లోతైన పుచ్చులకూ ఇది పనికిరాదు. పనికొచ్చే పన్నేదో ముందే తేల్చుకోకపోతే తర్వాత ఎంత మంచి పరికరం తెచ్చినా లాభం లేదు. పేషెంటు చెప్పే నొప్పి తీరే మొదటి ఆధారం. చల్లనిది, తియ్యనిది తగలగానే జివ్వుమని, తీసేయగానే రెండు మూడు సెకన్లలో పోతే నరం ఉద్రేకపడింది గాని చెడిపోలేదు. చల్లటి నీళ్లు మింగేశాక కూడా నిమిషాల తరబడి లాగుతూ ఉంటే, రాత్రి పడుకోగానే దానంతటదే సలుపు మొదలైతే, వేడి కాఫీ తగిలితే విలవిల్లాడిపోతే నరం లోపలి వాపు చేయి దాటిందని అర్థం. ఏ పరీక్షకూ పలకని పన్ను, కొరికితే నొప్పి, చిగురు మీద చీము పొక్కు, ఎక్స్‌రేలో వేరు కొన దగ్గర నల్లటి నీడ ఉంటే నరం చచ్చిపోయి ఉండొచ్చు. అలాంటి చోట ఈ పద్ధతి జోలికి పోకూడదు.

డాక్టరు దగ్గర చేసే పరీక్ష చిన్నదే. చల్లటి స్ప్రే కొట్టిన చిన్న దూది ఉండను ముందు పక్కనున్న మంచి పన్నుకు, తర్వాత పుచ్చిన పన్నుకు ఆనిస్తారు. మంచి పన్నుతో పోల్చకపోతే ఆ మనిషికి మామూలు ఎంతో తెలియదు. వేరు కొన దాకా కనిపించే ఎక్స్‌రే కూడా తప్పకుండా ఉండాలి. యూరోపియన్ సొసైటీ ఆఫ్ ఎండోడాంటాలజీ 2019లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, పుచ్చు డెంటిన్ మందంలో చివరి పావు భాగానికి చేరి, నరానికి దానికి మధ్య ఇంకా డెంటిన్ పొర కనబడుతుంటే లోతైన పుచ్చు. ఆ పొర కూడా మిగలకుండా మందమంతా తినేస్తే అతి లోతైనది. రెండో దానిలో నరం బయటపడే అవకాశం ఎక్కువ కాబట్టి మొదట్నుంచీ ఆ సన్నాహంతోనే దిగాలి.

చెయ్యి ఎక్కడ ఆగాలి

పని మొదలయ్యేది రబ్బర్ డ్యామ్‌తో. పన్నును ఒక్కదాన్ని బయటకు ఉంచి చుట్టూ పలుచని రబ్బరు షీటు కడతారు. ఉమ్మి లోపలికి రాకూడదు. రబ్బర్ డ్యామ్ లేకుండా నరానికి అర మిల్లీమీటరు దూరంలో పనిచేయడమంటే ఒక చేత్తో క్రిముల్ని తీస్తూ ఇంకో చేత్తో పోయడమే.

తర్వాత గోడలు. పుచ్చు చుట్టూ అంచులన్నీ గట్టి డెంటిన్, మంచి ఎనామిల్ తగిలేదాకా పూర్తిగా శుభ్రం చేస్తారు. ఇక్కడ దయ చూపకూడదు, ఎందుకంటే రేపు ఫిల్లింగ్ అతుక్కోవాల్సింది ఈ అంచులకే. సూదిమొన ప్రోబ్‌తో గీస్తే ‘కిర్రు’మని చప్పుడు రావాలి. అడుగున మాత్రం పూర్తిగా వేరే లెక్క. అక్కడ వేగంగా తిరిగే డ్రిల్లు పక్కన పెట్టి, నెమ్మదిగా తిరిగే గుండ్రటి బర్‌ను (డ్రిల్లు కొనకు తగిలించే ముక్కను), అదీ గుంతలో పట్టేంత పెద్దదాన్ని వాడాలి. చిన్న బర్ అయితే ఒక్క చోటే లోతుకు దిగి నరాన్ని గుచ్చేస్తుంది. లేదంటే స్పూన్ ఎక్స్‌కవేటర్, అంటే చేత్తో గీకే చిన్న చెంచాలాంటి పరికరం. మొదట వచ్చేది తడిగా, మగ్గిపోయిన సపోటా గుజ్జులా ఉంటుంది, స్పూను తాకితే చాలు ఊడివస్తుంది. దాన్ని తీసేస్తారు. దాని కింద తోలులా పొరలు పొరలుగా లేచేది ఉంటుంది. అది గోధుమ రంగులోనో నల్లగానో ఉన్నా సరే, నరం మీద ఆ పొరను వదిలేస్తారు. రంగు చూసి కాక చేతికి తగిలే గట్టితనం చూసి నిర్ణయించాలి. రంగు బాగా మోసం చేస్తుంది. ఏళ్లనాటి, ఆగిపోయిన పుచ్చు నల్లగా కనబడినా గట్టిగా ఉంటుంది, దూకుడు మీదున్న పుచ్చు లేత పసుపులోనే ఉంటుంది. రంగు ద్రావణం వేసి రంగు పట్టిందంతా గీకేయడం కూడా ఇక్కడ పెద్ద పొరపాటు. నరం దగ్గరి మంచి డెంటిన్‌లో ఖనిజం సహజంగానే తక్కువ, దానికీ రంగు పడుతుంది.

దీన్నే ఒక్క విజిట్‌లో ముగించేయొచ్చు, లేదా రెండు విజిట్లుగా చేయొచ్చు. రెండు విజిట్ల పద్ధతిలో మొదటిసారి మెత్తటిది ఎక్కువే వదిలి తాత్కాలిక ఫిల్లింగ్ పెడతారు, 6 నుంచి 12 నెలల తర్వాత తెరిచి, ఎండి గట్టిపడిన డెంటిన్ మీద ఇంకాస్త శుభ్రం చేసి మూసేస్తారు. మొత్తం ఒకేసారి తవ్వేయడం కన్నా ఇది నయమని బ్యోర్న్‌డాల్ బృందం స్కాండినేవియాలో చేసిన పరీక్ష 2010లో చూపించింది. పూర్తిగా తవ్వినప్పుడు 28.9 శాతం పళ్లలో నరం బయటపడితే, రెండు విడతల్లో 17.5 శాతమే. అయిదేళ్ల తర్వాత నరం ఆరోగ్యంగా నిలిచింది పూర్తిగా తవ్విన వాటిలో 46.3 శాతం, విడతల్లో 60.2 శాతం. ఆ తర్వాత బ్రెజిల్‌లో మాల్ట్జ్ బృందం ఇంకో ప్రశ్న అడిగింది: రెండోసారి తెరవడమే అవసరమా? మూడేళ్లకు వాళ్లకు వచ్చిన జవాబు: ఒక్క విజిట్‌లోనే మూసేసిన పళ్లలో 91 శాతం, రెండు విజిట్ల వాటిలో 69 శాతం నిలిచాయి. రెండో విజిట్‌కు చాలామంది రాలేదు, తాత్కాలిక ఫిల్లింగ్ అరిగి లీకైంది. మన ఊళ్ల పరిస్థితి తెలిసినవాళ్లకు ఇది వింత అనిపించదు. నొప్పి తగ్గాక ఏడాదికి గుర్తుపెట్టుకుని వచ్చేవాళ్లు ఎంతమంది? నా అభిప్రాయంలో, అతి లోతైన కొన్ని పళ్లను మినహాయిస్తే, ఒక్క విజిట్‌లో పూర్తిచేసి శాశ్వత ఫిల్లింగ్ పెట్టడమే మంచిది.

‘లైటు’ అన్న ఒకే మాట వెనక నాలుగు వస్తువులు

దంతాల క్లినిక్‌లో లైటు అంటే ఒక్కటి కాదు. గందరగోళమంతా ఇక్కడే. మొదటిది అందరూ చూసిన నీలి లైటు, అంటే క్యూరింగ్ లైటు, సుమారు 450 నుంచి 470 నానోమీటర్ల కాంతి (ఈ అంకె కాంతి తరంగదైర్ఘ్యం, అది ఏ రంగు కాంతో చెబుతుంది). ఫిల్లింగ్ పదార్థాన్ని గట్టిపరచడమే దీని పని, క్రిముల్ని చంపడానికి పెట్టినది కాదు. రెండోది ఎర్బియం లేజర్, 2,940 నానోమీటర్లు. ఇది డెంటిన్‌లోని నీటిని ఒక్కసారిగా ఆవిరి చేసి పుచ్చును చెక్కేస్తుంది, అంటే డ్రిల్లు చేసే పని. ఇది ఖరీదైన యంత్రం. చాలా క్లినిక్కుల్లో చిగుళ్లు కోయడానికి ఉండే డయోడ్ లేజర్‌కు ఈ పని చేతకాదు. మూడోది తక్కువ శక్తి ఎర్ర కాంతి, పరారుణ కాంతి. వాపు, నొప్పి తగ్గించి కణాలను మరమ్మతుకు పురిగొల్పాలన్నది దీని ఉద్దేశం. 1960ల చివర్లో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ చేసిన పరిశీలనల నుంచి పుట్టింది. నాలుగోదే ఇక్కడ మనకు కావలసింది, ఫోటోడైనమిక్ థెరపీ. మిగతా మూడింటికీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది: దీనిలో కాంతి ఒక్కటే ఏమీ చేయదు. రంగు మందు కావాలి, ఆక్సిజన్ కూడా కావాలి.

దీని మూలం 1900 నాటిది. మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి అక్రిడిన్ అనే రంగు పదార్థం కలిపిన నీళ్లలో సూక్ష్మజీవులు వెలుగు పడితేనే చస్తున్నాయని, చీకట్లో బతికే ఉంటున్నాయని గమనించాడు. రంగు అణువు కాంతిని మింగి ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. అప్పుడు పుట్టే చురుకైన ఆక్సిజన్ బ్యాక్టీరియా పొరలను, ప్రోటీన్లను కాల్చేస్తుంది. దాని ఆయుష్షు కొన్ని మైక్రోసెకన్లే, పుట్టిన చోటు నుంచి ఎంతో దూరం పోలేదు. కాబట్టి రంగు ఎక్కడికి చేరితే అక్కడే పని జరుగుతుంది. ఒక పక్క ఇది భద్రత: నరం కణాలకు దూరంగా ఉంచొచ్చు. ఇంకో పక్క ఇదే దీని పరిమితి: రంగు చేరని గొట్టంలోని బ్యాక్టీరియా నిక్షేపంగా ఉంటుంది.

నీలం మందు, ఎర్ర కాంతి: దగ్గర్నుంచి

మెత్తటి పొర తీసి, తోలులాంటి పొర దగ్గర ఆగాక ఈ పని మొదలవుతుంది. ఎక్కువగా వాడేది మెథిలీన్ బ్లూ, 0.01 శాతం ద్రావణం, అంటే ఒక మిల్లీలీటరులో 100 మైక్రోగ్రాములు. గుంత అడుగు తడిసేలా ఒకటి రెండు చుక్కలు వేసి, 1 నుంచి 5 నిమిషాలు కాంతి తగలకుండా వదిలేస్తారు. ఈ ఆగడం మొక్కుబడి కాదు, రంగు బ్యాక్టీరియా పొరకు అంటుకోవడానికి పట్టే సమయం. ఆపైన మిగులును దూదితో అద్దేస్తారు. తర్వాత 660 నానోమీటర్ల ఎర్ర లేజర్ మొనను గుంతలోకి దించి, ఉదాహరణకు 100 మిల్లీవాట్ల వద్ద 90 సెకన్లు వెలిగిస్తారు. 0.1 వాట్‌ను 90తో గుణిస్తే 9 జూల్స్. ఆనక నీళ్లతో బాగా కడిగి, ఫిల్లింగ్ పనిలోకి వెళ్తారు. టొలూయిడిన్ బ్లూ అనే ఇంకో రంగు మందు వాడితే కాంతి 630 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండాలి.

మోతాదు మాటల్లో ఒక మెలిక ఉంది, తెలియక చాలామంది తప్పుదారి పడతారు. ఇదే 9 జూల్స్‌ను 0.028 చదరపు సెంటీమీటర్ల మొనతో ఇస్తే, చదరపు సెంటీమీటరుకు 320 జూల్స్ అని రాయొచ్చు. కంపెనీ కాగితం మీద ‘9’ అని, ఇంకో దాని మీద ‘320’ అని ఉంటే రెండూ ఒకే మోతాదు కావచ్చు. శక్తి, సమయం, మొన వైశాల్యం మూడూ చెప్పని అంకెను పట్టించుకోనక్కర్లేదు.

ఇక పొరపాట్లు. అన్నిటికన్నా మొరటుది, నీలి క్యూరింగ్ లైటుతో మెథిలీన్ బ్లూను వెలిగించడం. ఆ రంగు 664 నానోమీటర్ల దగ్గర కాంతిని గట్టిగా మింగుతుంది, నీలి కాంతిని దాదాపు వదిలేస్తుంది. రెండోది, ఎక్కువ మందు వేస్తే ఎక్కువ పని జరుగుతుందనుకోవడం. గుంతలో రంగు మడుగు కట్టితే పైపొరే కాంతినంతా తాగేస్తుంది, అడుగుకు ఏమీ దిగదు. పైగా గాఢత పెరిగితే రంగు అణువులు జంటలు కట్టి, మింగే తరంగదైర్ఘ్యమే మారిపోయి పని పడిపోతుంది. మూడోది రక్తం. చిగురు నుంచి గాని, బయటపడ్డ నరం నుంచి గాని రక్తం చేరితే అది రంగును కప్పేస్తుంది, దానిలోని ప్రోటీన్లు చురుకైన ఆక్సిజన్‌ను మధ్యలోనే పట్టేస్తాయి. నాలుగోది కడగడంలో నిర్లక్ష్యం: రంగు మిగిలిపోతే పంటి రంగు ఫిల్లింగ్ కింద నీలిఛాయ కనిపిస్తుంది, అతుకు కూడా దెబ్బతినొచ్చు.

కళ్లద్దాలు ముగ్గురికీ, అంటే డాక్టరుకు, అసిస్టెంటుకు, పేషెంటుకు తప్పనిసరి. అదీ ఆ తరంగదైర్ఘ్యానికి సరిపోయేవే. క్యూరింగ్ లైటు కోసం ఉంచిన ఆరెంజ్ అద్దాలు ఎర్ర లేజర్‌ను ఆపవు, అది వాటిలోంచి నేరుగా వెళ్లిపోతుంది. జి6పిడి అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్నవాళ్లకు మెథిలీన్ బ్లూ రక్తంలోకి ఎక్కించే మోతాదుల్లో ప్రమాదకరం. పుచ్చులో వేసే చుక్క దానితో పోలిస్తే చాలా తక్కువే, అయినా ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పడం మంచిది. అక్వేరియం షాపుల్లో చేపలకు అమ్మే మెథిలీన్ బ్లూతో ఇంట్లో ప్రయోగాలు చేయకూడదు, దాని శుద్ధత మనుషులకు వాడదగ్గదని ఎవరూ హామీ ఇవ్వరు.

ఇక్కడ పసుపు ప్రస్తావన రాకతప్పదు. పసుపులోని కర్కుమిన్ 420 నుంచి 430 నానోమీటర్ల దగ్గర, అంటే నీలి కాంతిని బాగా మింగుతుంది. అందువల్ల దాన్ని రంగు మందుగా వాడి, నీలి ఎల్‌ఈడీతో వెలిగించే పరిశోధనలు బ్రెజిల్‌లో, ఇండియాలో సాగుతున్నాయి. ఆలోచన బాగుంది, ముఖ్యంగా దుగ్గిరాల, నిజామాబాద్ పసుపు మార్కెట్లున్న మనకు ఆసక్తిగా ఉంటుంది. కానీ పుచ్చులో పసుపు ముద్ద కూరడానికీ దీనికీ సంబంధం లేదు. కర్కుమిన్ నీళ్లలో సరిగా కరగదు, శుద్ధి చేసి, ప్రత్యేక ద్రావకంలో కొలిచి వాడతారు. వంటింటి పసుపు గుంతలో ఇరుక్కుని, రేపు అక్కడ అతకాల్సిన ఫిల్లింగ్‌కు అడ్డం పడుతుంది. లవంగం నూనె కూడా ఇంచుమించు అంతే. దాన్లోని యూజెనాల్ నొప్పిని కాసేపు మరిపిస్తుంది గాని, ఫిల్లింగ్ పదార్థం గట్టిపడకుండా చేస్తుంది. వాడి ఉంటే డాక్టరుకు చెప్పండి.

మరి దీనివల్ల పన్ను ఎక్కువ కాలం నిలుస్తుందా? ఫోటోడైనమిక్ థెరపీ చేశాక డెంటిన్‌లో బ్యాక్టీరియా సంఖ్య తగ్గుతుందన్నది చాలా అధ్యయనాల్లో కనిపించింది. కానీ కొంచెం పుచ్చు వదిలి సీల్ చేసిన పన్నులో బ్యాక్టీరియా ఎలాగూ తగ్గుతుంది. అందుకని అడగాల్సిన ప్రశ్న వేరు: అయిదేళ్లకు నరం బతికున్న పళ్లు, లైటు పెట్టిన వాళ్లలో ఎక్కువా? అలా అని గట్టిగా నిరూపించిన ఆధారం ఇంకా లేదు. 2016లో అంతర్జాతీయ నిపుణుల బృందం పుచ్చు తీసే విధానంపై ఇచ్చిన ఏకాభిప్రాయంలో గానీ, 2019 యూరప్ ప్రకటనలో గానీ లైటుకు తప్పనిసరి చోటు ఇవ్వలేదు. ఇది చేయకపోవడం లోపం కాదు. చేస్తే, పైన చెప్పినవన్నీ సక్రమంగా పాటిస్తే హాని లేదు, అదనపు రక్షణ కావచ్చు. నరం మీద డెంటిన్ చాలా పలుచగా మిగిలిన అతి లోతైన పళ్లలోనే దీనికి ఎక్కువ అర్థముందని నా అంచనా. ‘లేజర్ ట్రీట్‌మెంట్’ పేరుతో పెద్ద బిల్లు వేసి, రబ్బర్ డ్యామ్ కట్టకుండా, తాత్కాలిక సిమెంటుతో పంపేస్తే మాత్రం పేషెంటు మోసపోయినట్టే.

నరాన్ని శాంతపరచడానికని పెట్టే తక్కువ శక్తి లేజర్ విషయానికొస్తే, కణాలపై పరిశోధనలు ఆశాజనకంగా ఉన్నా, లోతైన పుచ్చులో పన్ను ఆయుష్షు పెంచుతుందనడానికి ఆధారం ఇంకా పలుచనే. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది వేడి గురించి. చిగుళ్లు కోయడానికి వాడే డయోడ్ లేజర్ వాట్లలో పనిచేస్తుంది, 100 మిల్లీవాట్లలో కాదు. 1965లో కోతులపై జాక్, కోహెన్ చేసిన ప్రయోగంలో నరం ఉష్ణోగ్రత 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితే 15 శాతం పళ్లలో నరం చచ్చిపోయింది. ఈ లెక్క నీలి క్యూరింగ్ లైటుకూ వర్తిస్తుంది. శక్తిమంతమైన క్యూరింగ్ లైటును పలుచని డెంటిన్‌కు ఆనించి ఆపకుండా పెడితే నరం వేడెక్కుతుంది. మధ్యమధ్య ఆపి గాలి కొట్టాలి.

మూత

మిగిల్చిన పొర మీద ఏం పెట్టాలి? కాల్షియం హైడ్రాక్సైడ్ 1920ల నుంచి వాడుకలో ఉంది. కాలక్రమేణా కరిగిపోవడం, అతుక్కోకపోవడం దాని బలహీనతలు. 1990ల్లో లోమా లిండా యూనివర్సిటీలో టొరాబినెజాద్ బృందం తెచ్చిన ఎంటీఏ అనే సిమెంటు నరం బయటపడినప్పుడు చాలా మెరుగ్గా పనిచేస్తుంది. పాతరకం ఎంటీఏ గట్టిపడటానికి గంటలు పడుతుంది, దానిలోని బిస్మత్ ఆక్సైడ్ పన్నును నల్లబరచొచ్చు. ఆ కోవకే చెందిన బయోడెంటిన్ అనే సిమెంటు పన్నెండు నిమిషాల్లో గట్టిపడుతుంది. నరం బయటపడకపోతే గ్లాస్ అయోనమర్ అనే సిమెంటు పలుచగా వేసి పైన కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్) పెట్టినా సరిపోతుంది.

నరం కొద్దిగా బయటపడి రక్తం వస్తే కంగారుపడి అక్కడికక్కడే రూట్ కెనాల్‌కు దిగాల్సిన పని లేదు. సోడియం హైపోక్లోరైట్‌లో తడిపిన దూదితో నొక్కిపట్టి, 5 నిమిషాల్లో రక్తం ఆగితే ఎంటీఏ లేదా బయోడెంటిన్ పెట్టి మూసేయొచ్చు. ఆగకపోతే వాపున్న పైభాగాన్ని 2 మిల్లీమీటర్ల మేర తీసి మళ్లీ చూస్తారు.

కాంపోజిట్‌ను 2 మిల్లీమీటర్లకు మించని పొరలుగా వేయాలి. లోతైన దవడ పన్ను గుంతలో అడుగు, లైటు మొనకు 6 నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ దూరంలో కాంతి బాగా తగ్గిపోతుంది కాబట్టి మొదటి పొరకు ఎక్కువసేపు, విరామాలిస్తూ వెలిగించాలి. ఫిల్లింగ్ అతుక్కునేలా ముందు ఎనామిల్‌కు యాసిడ్ 30 సెకన్లు, డెంటిన్‌కు 15 సెకన్లు మించకుండా పెట్టాలి. నల్గొండ, ప్రకాశం వంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో పెరిగినవాళ్ల ఎనామిల్ యాసిడ్‌కు మొండిగా ఉంటుంది. వాళ్లకు ఎక్కువసేపు పెట్టకపోతే అతుకు బలహీనపడి అంచుల నుంచి లీకవుతుంది. ఇన్ని జాగ్రత్తలతో కాపాడిన నరం అక్కడ పోతుంది.

ఇంటికెళ్లాక

మొదటి వారం పది రోజులు చల్లనిది తగిలితే జివ్వుమనొచ్చు, క్రమంగా తగ్గాలి. రోజురోజుకీ పెరుగుతూ ఉంటే, రాత్రి సలుపు మొదలైతే, కొరికితే పన్ను లేచినట్టు ఉంటే ఆగకుండా వెళ్లాలి. నొప్పి లేకపోయినా 6 నెలలకు, ఏడాదికి, ఆపై ఏటా చల్లటి పరీక్ష, ఎక్స్‌రే చేయించుకోవాలి. కొన్ని నరాలు నొప్పి తెలియకుండానే చచ్చిపోతాయి.

చివరగా ఒక కాగితం సంగతి. మెత్తటి డెంటిన్ వదిలిన చోట ఎక్స్‌రేలో ఫిల్లింగ్ కింద నల్లటి నీడ కనిపిస్తుంది, ఏళ్ల తర్వాత కూడా ఉండిపోవచ్చు. ఉద్యోగం కోసం హైదరాబాద్ నుంచి బెంగళూరుకో డల్లాస్‌కో వెళ్లాక, అక్కడి కొత్త డాక్టరు ఆ నీడను చూసి ‘లోపల పుచ్చు మిగిలిపోయింది’ అని ఫిల్లింగ్ పీకేసి మళ్లీ తవ్వడం మొదలుపెట్టొచ్చు. అందుకని ఏ పన్ను, ఏ తేదీన, అడుగున మెత్తటి డెంటిన్ కావాలనే వదిలామని, పైన ఏ సిమెంటు పెట్టామని డాక్టరుతో రాయించుకోండి. ఆ రోజు తీసిన ఎక్స్‌రేను ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోండి. తర్వాతి ఎక్స్‌రేలో ఆ నీడ పెరగలేదంటే పుచ్చు ఆగినట్టు, పెరిగిందంటే సీలు పోయినట్టు. పాత ఫోటో లేకపోతే ఆ తేడా ఎవరూ చెప్పలేరు.